మసీదును ఆబాదు చేయడమంటే ఏమిటి?

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహాబాలపై శాంతి, శుభాలు వర్షించుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 18వ ఆయతులో అల్లాహ్ తన మసీదులను ఆబాదు చేసేవారి గుణాలను వివరించాడు. అవి విశ్వాసం, నమాజు, జకాత్, అల్లాహ్‌కు తప్ప మరెవరికీ జంకని మనసు. ఈ వరుసను కాస్త నిదానంగా గమనించండి. మసీదు ఎంత ఎత్తుండాలి, మీనారులు ఎన్ని ఉండాలి, నేలకు ఏ రాయి పరచాలి అనే ప్రస్తావన ఇందులో లేదు. కానీ మసీదు మాట వచ్చిన చోటనే జకాత్ మాట కూడా వచ్చింది. అంటే మసీదును ఆబాదు చేసేవాడికి తన ప్రభువుతో ఉన్న సంబంధం ఎంత అవసరమో, పక్కవాడి ఆకలితో ఉన్న సంబంధమూ అంతే అవసరమని అర్థం.

ఈ ఆయతులో వచ్చిన క్రియకు మూలం 'ఇమారత్'. అరబీ భాషలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. గోడలు లేపి కట్టడం ఒకటి, మనుషులతో నింపి సజీవంగా ఉంచడం రెండోది. ఉర్దూలో మనం భవనాన్ని 'ఇమారత్' అంటాం. జనంతో కళకళలాడే చోటును 'ఆబాద్' అంటాం. మొదటి పని మేస్త్రీలు, కూలీలు కొన్నేళ్లలో పూర్తి చేయగలరు. రెండో పని ఏ తరానికీ పూర్తి కాదు, ప్రతి తరమూ మళ్లీ చేయవలసిందే. నేటి ఖుత్బాలో ఈ రెండో పని గురించి, ముఖ్యంగా మన వన్ టౌన్ వంటి చోట జామె మసీదుపై ఉన్న బాధ్యత గురించి తెలుసుకుందాం.

జామె అనే మాటలోనే ఉన్న బాధ్యత

'మసీదు' అంటే సజ్దా చేసే చోటు. 'జామె' అంటే సమీకరించేది, ఒకచోటకు చేర్చేది. వీధిలోని చిన్న మసీదులో ఐదు పూటల నమాజు జరుగుతుంది. అక్కడికి వచ్చేవారు ఆ వీధివారే కనుక ఒకరినొకరు ఎరుగుదురు. శుక్రవారం నాడు వేర్వేరు వీధుల వారు, వేర్వేరు వృత్తుల వారు, పరస్పరం పరిచయం లేనివారు ఒకే కప్పు కిందకు రావాలని షరీఅత్ కోరింది. అందుకే జుమాను ఒంటరిగా చదువుకునే వీలు లేదు. దానికి జమాఅత్ తప్పనిసరి, ఖుత్బా తప్పనిసరి.

జుమా సూరాలోని 9, 10 ఆయతుల క్రమాన్ని చూడండి. అజాన్ పిలుపు వినగానే క్రయవిక్రయాలు వదిలి రావాలన్న ఆదేశం మొదట వచ్చింది. నమాజు ముగిశాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించాలన్న ప్రోత్సాహం ఆ వెంటనే వచ్చింది. అంటే జుమా పనిపాటలు చేసుకునేవారి నమాజు. అంగడి నుంచి వచ్చి, తిరిగి అంగడికే వెళ్లేవారి నమాజు. ఆ రెండు రాకపోకల మధ్య ఉన్న కొద్ది సమయంలో వారికి ఏమి దొరికిందన్నదే జామె మసీదుకు అసలు పరీక్ష.

మదీనాలో నిలిచిన మాదిరి

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనా చేరిన తరువాత మొదట చేపట్టిన పనులలో మసీదు నిర్మాణం ఒకటి. ఎన్నుకున్న స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ప్రవక్త (స) అంగీకరించలేదు. వెల చెల్లించిన తరువాతే తీసుకున్నారు. ఈ ఉమ్మత్‌లో ఎంతో పవిత్రమైన మసీదుల్లో ఒకటి తన పునాదికి ముందే అనాథ హక్కును చెల్లించింది. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు. వాన పడితే లోపల కారేది, సజ్దా చేసినవారి నుదుటికి బురద అంటేది. నిర్మాణంలో ప్రవక్త (స) స్వయంగా ఇటుకలు మోశారు.

అంత సామాన్యమైన కట్టడంలో ఏమేమి జరిగేవో చూడండి. ఒక పక్కన 'సుఫ్ఫా' అనే నీడపట్టు ఉండేది. ఇల్లు, వాకిలి, బంధువులు లేని సహాబాలు అక్కడే ఉండి విద్య నేర్చుకునేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. ఒకనాడు ఆయన ఆకలితో తల్లడిల్లుతుండగా ప్రవక్త (స) ఇంటికి కానుకగా ఒక గిన్నెడు పాలు వచ్చాయి. సుఫ్ఫావాసులందరినీ పిలుచుకు రమ్మని ఆయననే పంపారు. ఉన్నది ఒక్క గిన్నె, వచ్చేవారు ఎందరో అని అబూ హురైరా (రజి) మనసులో దిగులు పడ్డారు. అయినా ఆజ్ఞ పాటించారు. అల్లాహ్ బర్కత్‌తో అందరూ కడుపు నిండా తాగారు, తరువాత అబూ హురైరా (రజి) తాగారు, అందరికంటే చివర ప్రవక్త (స) తాగారు. మసీదులో పెద్దరికం ఎలా ఉండాలో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. పెద్ద అయినవాడి వంతు చివరన వస్తుంది.

అదే మసీదు ఆవరణలో ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం గుడారం వేశారు. దూరం నుంచి వచ్చిన ప్రతినిధి వర్గాలను అక్కడే కలుసుకున్నారు. ఈద్ రోజున హబషీలు అక్కడ బల్లేలతో విన్యాసాలు చేస్తే ప్రవక్త (స) చూశారు. చదువు, వైద్యం, ఆతిథ్యం, పేదల పోషణ అన్నీ ఆ మట్టి గోడల మధ్యనే సాగాయి. తరువాతి కాలంలో ముస్లిములు ఈ మాదిరినే పెద్ద ఎత్తున కొనసాగించారు. 1557లో ఇస్తాంబుల్ నగరంలో పూర్తయిన సులైమానియా మసీదు చుట్టూ మదర్సాలు, వైద్యశాల, పేదలకు భోజనం పెట్టే వంటశాల కూడా నిర్మించారు. మన హైదరాబాదులోని మక్కా మసీదుకు సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో పునాది పడింది. అది ఔరంగజేబు కాలంలో, 1694లో గాని పూర్తి కాలేదు. సుల్తాన్ 1626లోనే మరణించాడు. తాము చదవబోని నమాజు కోసం కూడా రాళ్లు మోసినవారున్నారు కనుకనే నేడు మనకు మసీదులున్నాయి.

కనిపించని మనిషి కోసం ఒక ప్రశ్న

సోదరులారా! ప్రవక్త (స) మసీదుకు సంబంధించిన ఒక హదీసును ఇక్కడ ప్రత్యేకంగా గుర్తు చేయాలి. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. మదీనా మసీదును ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేవారు. కొన్ని రోజులుగా ఆమె కనిపించకపోవడంతో ప్రవక్త (స) ఆమె గురించి అడిగారు. ఆమె చనిపోయారని, రాత్రివేళ ఖననం చేశామని సహాబాలు చెప్పారు. ఒక ఊడ్చే మనిషి మరణవార్త కోసం ప్రవక్త (స)కు శ్రమ కలిగించడం ఎందుకని వారు భావించి ఉంటారు. తనకెందుకు తెలియజేయలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. సమాధి ఎక్కడ ఉందో చూపమన్నారు. అక్కడికి వెళ్లి ఆమె కోసం జనాజా నమాజు చేశారు.

ఆనాడు ప్రవక్త (స) భుజాలపై ఒక సమాజపు భారమంతా ఉంది. సంధులు, యుద్ధాలు, వ్యాజ్యాలు, వహీ అవతరణ, ఇన్నింటి నడుమ చీపురు పట్టే మనిషి కనిపించడం లేదన్న సంగతి ఆయన దృష్టిని దాటిపోలేదు. మసీదు ఎంత పెద్దదో కొలవడానికి మనకు దొరికిన కొలబద్ద ఇదే. ఎంతమంది పడతారన్నది కట్టడం కొలత. ఎవరు రాకపోతే తెలుస్తుందన్నది మసీదు కొలత.

మన వన్ టౌన్, మన బాధ్యత

ఇప్పుడు ఈ కొలబద్దను మన ఊరికి అన్వయించుకుందాం. వన్ టౌన్ సముద్రానికీ కొండలకూ నడుమ ఉన్న పాత పట్నం. డాల్ఫిన్స్ నోస్ కొండ అలల తాకిడిని ఆపుతుండగా 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభమైంది. ఆపై నౌకా నిర్మాణ కేంద్రం వచ్చింది, ఉక్కు కర్మాగారం వచ్చింది, చేపల రేవు విస్తరించింది. ఈ పనులన్నీ ఎక్కడెక్కడి మనుషులనో ఇక్కడికి రప్పించాయి. రేవు పట్నం స్వభావమే అది. ఇక్కడ పుట్టినవారి కంటే వచ్చి చేరినవారి కథలు ఎక్కువ. మన సఫ్‌లలో తెలుగు, ఉర్దూ, ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవారు భుజం భుజం కలిపి నిలబడతారు.

ఒక మనిషిని తలచుకోండి. ఊరు బీహార్ కావచ్చు, బెంగాల్ కావచ్చు, శ్రీకాకుళం జిల్లాలోని ఓ పల్లె కావచ్చు. కాంట్రాక్టరు కింద సరుకులు దించే పని. నలుగురితో కలిసి ఒక గదిలో అద్దెకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నం పని బట్టలతోనే పరుగున వచ్చి, చివరి సఫ్‌లో, తరచు మెట్ల దగ్గర నిలబడతాడు. సలాం తిప్పగానే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతాడు. ఏడాదిలో యాభైకి పైగా జుమాలు మనతోనే చదువుతాడు. ఆ ఏడాదిలో అతని పేరు ఎవరైనా అడిగారా? ఒక శుక్రవారం అతను రాకపోతే, జ్వరంతో గదిలో పడి ఉంటే, పనిలో దెబ్బ తగిలి మంచాన ఉంటే, ఎవరికైనా తెలుస్తుందా? ఆ మహిళ గురించి ప్రవక్త (స) అడిగిన ప్రశ్నను అతని విషయంలో అడిగేవారెవరు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరంపై విరుచుకుపడిన నాటిని పెద్దలు మరువలేరు. విద్యుత్తు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. అటువంటి వేళ ఏ వీధిలో ఒంటరి వృద్ధురాలు ఉంది, ఏ ఇంట్లో మంచం పట్టిన రోగి ఉన్నాడు అన్నది ముందే తెలిసి ఉంటేనే సాయం చేరుతుంది. తుపాను వచ్చాక పరిచయాలు మొదలుపెట్టలేం. 2020లో లాక్‌డౌన్ కారణంగా మసీదుల్లో సామూహిక నమాజులు ఆగిపోయాయి. ఆ రంజాన్‌లో తరావీహ్ ఇళ్లలోనే చదువుకున్నాం. గోడలు మూతపడినా జమాఅత్ అనేది బతికే ఉండాలంటే, గోడల బయట కూడా ఒకరికొకరు తెలిసి ఉండాలని ఆ సంవత్సరం మనకు నేర్పింది.

శ్రమజీవి సమయం ఒక అమానత్

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) గొప్ప పండితులైన సహాబీ. ఒక రాత్రి ఆయన ఇమామత్ చేస్తూ సుదీర్ఘమైన సూరా మొదలుపెట్టారు. పొలానికి నీళ్లు మోసే రెండు ఒంటెలతో పగలంతా పనిచేసి అలసి వచ్చిన ఒక వ్యక్తి ఆ జమాఅత్‌ను వీడి, విడిగా నమాజు పూర్తి చేసుకుని వెళ్లిపోయాడు. విషయం ప్రవక్త (స) వరకు వెళ్లింది. ఆ శ్రామికుణ్ని ఆయన మందలించలేదు. ప్రజలను పరీక్షకు గురిచేస్తున్నావా అన్న భావంతో ముఆజ్ (రజి)నే తీవ్రంగా హెచ్చరించి, చిన్న సూరాలు చదవమని బోధించారు. వెనుక నిలబడినవారిలో వృద్ధులు, బలహీనులు, పనులున్నవారు ఉంటారని గుర్తు చేశారు. తాను సుదీర్ఘంగా నమాజు చేయాలనుకుని నిలబడినా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు కోసం నమాజును క్లుప్తం చేసేవారు.

షిఫ్టులు నడిచే పట్నంలో ఈ హదీసులు ప్రతి శుక్రవారమూ మనకు వర్తిస్తాయి. భోజన విరామంలో వచ్చేవాడికి ప్రతి నిమిషమూ లెక్కే. ఖుత్బా చెప్పిన సమయానికి మొదలై చెప్పిన సమయానికి ముగియడం అతని హక్కు. ఖుత్బా క్లుప్తంగా ఉండటం ఖతీబు అవగాహనకు చిహ్నమని ప్రవక్త (స) తెలియజేశారు. చందాల ప్రకటనలతో నమాజును ఆలస్యం చేసి, ఒక కూలీ సగం రోజు వేతనం పోవడానికి కారణమైతే ఆ చందా మనకు ఏ బర్కత్ ఇస్తుంది?

ఆసుపత్రి మెట్ల మీద ఉన్నవారు

మనకు సమీపంలోనే కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. 1923 నుంచి అది ఉత్తరాంధ్రకంతటికీ పెద్దాసుపత్రి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి, మన్యం కొండల నుంచి, పొరుగు రాష్ట్రమైన ఒడిశా నుంచి రోగులు అక్కడికి వస్తారు. రోగి వెంట వచ్చినవారికి ఊరు కొత్త, భాష కొత్త, చేతిలో డబ్బు తక్కువ. వారిలో విశ్వాసులైనవారు అజాన్ విని మన మసీదులవైపు వస్తారు. వారికి వజూకు నీళ్లు, ఓ గంట నడుం వాల్చడానికి నీడ, రక్తం అవసరమైతే ఎవరిని అడగాలో చెప్పే ఒక మనిషి దొరికితే, అదే మన కాలపు సుఫ్ఫా.

ఇంతకంటే బరువైన బాధ్యత మరొకటి ఉంది. పరాయి ఊరి నుంచి వచ్చిన ముస్లిం ఇక్కడ మరణిస్తే, అయినవారు ఎవరూ రాలేకపోతే, మయ్యిత్ మార్చురీలో మిగిలిపోతే, ఆ గుస్ల్, కఫన్, జనాజా, దఫన్ ఎవరి బాధ్యత? ఫుఖహా దీనిని ఫర్జ్ కిఫాయా అన్నారు. కొందరు నెరవేరిస్తే అందరి మెడ నుంచి భారం దిగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే తెలిసినవారందరూ పాపభాగులవుతారు. జనాజా నమాజులో పాల్గొన్నవారికి ఒక ఖీరాత్, దఫన్ వరకు నిలిచినవారికి రెండు ఖీరాత్‌ల పుణ్యం ఉందని, ఒక్కో ఖీరాత్ పెద్ద కొండంతటిదని హదీసులో వచ్చింది. ధనికుని జనాజాకు వీధి నిండిపోతుంది. ఎవరూ లేనివాని జనాజాకు ఒక సఫ్ అయినా నిండాలి. అది నింపేది జామె మసీదు జమాఅతే కావాలి.

పొరుగువారి కళ్లలో మసీదు

మన వన్ టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై మరియమాత చర్చి, ఒకదానిపై వేంకటేశ్వర ఆలయం, ఒకదానిపై హజ్రత్ ఇషాక్ మదీనా దర్గా ఉన్నాయి. రేవును దాటే ఓడలు దర్గా వైపు జెండాను మూడుసార్లు ఎత్తి దించేవని బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలలో రాసి ఉంది. మేలు కీడులు అల్లాహ్ చేతిలోనివే అన్నది మన విశ్వాసం. అయితే సముద్రంపై ప్రాణాలు పణంగా పెట్టి తిరిగేవారు ఏ మతం వారైనా తీరాన ఉన్న సజ్జనుల ప్రార్థనను ఎంతగా కోరుకునేవారో ఆ ఆచారం తెలుపుతుంది. హజ్ సూరా 40వ ఆయతులో అల్లాహ్ మసీదులతో పాటు మఠాలను, చర్చీలను, యూదుల ఆరాధనాలయాలను కూడా పేర్కొని, అవి కూల్చివేతకు గురికాకుండా తాను చేసిన ఏర్పాటును గుర్తు చేశాడు. ఇతరుల ప్రార్థనాస్థలం పట్ల మర్యాద మన దీన్‌లో భాగం.

పొరుగువారు మన ఖుత్బా వినరు. మన వీధిని చూస్తారు. శుక్రవారం మధ్యాహ్నం మన మోటారు సైకిళ్లు ఇరుకు వీధిని మూసేస్తే, ప్రసవ వేదనలో ఉన్న స్త్రీని తీసుకెళ్లే ఆటో ఆగిపోతే, మన సజ్దా వారికి ఏ సందేశం ఇస్తుంది? దారిలోంచి ముల్లు తీసివేయడం ఈమాన్ శాఖల్లో ఒకటని నేర్పిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. దారికి హక్కులున్నాయని, వాటిని చెల్లించమని ఆయన ఆజ్ఞాపించారు. అలాగే ఏతికాఫ్‌లో ఉండగా సహాబాలు బిగ్గరగా ఖుర్ఆన్ పఠిస్తుంటే, ఒకరి పఠనం మరొకరిని బాధించరాదని ఆయన వారించారు. ఖుర్ఆన్ పఠనానికే ఆ హద్దు ఉంటే, మైకుల విషయంలో మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. పరీక్షల కాలంలో చదువుకునే పిల్లలు, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారు మన గోడ పక్కనే ఉన్నారు.

తెలియక పొరపాటు చేసేవారి విషయంలో కూడా ప్రవక్త (స) చూపిన దారి ఉంది. ఒక ఎడారి వాసి మసీదు మూలన మూత్రవిసర్జన చేశాడు. సహాబాలు గద్దించబోతే వారిని ఆపారు. అతను ముగించాక అక్కడ ఒక బొక్కెన నీళ్లు పోయించారు. తరువాత మసీదు మర్యాదను అతనికి మృదువుగా బోధించారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు టోపీ లేకుండా నిలబడ్డాడనో, చెయ్యి మరోలా కట్టాడనో పదిమందిలో మందలించి పంపేస్తే, అతను మళ్లీ రాకపోతే, ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచించుకోవాలి. విశ్వాసులను చీల్చడానికి కట్టిన ఒక మసీదును గురించి తౌబా సూరాలోనే హెచ్చరిక ఉంది. అందులో నిలబడవద్దని అల్లాహ్ తన ప్రవక్తను ఆదేశించాడు. పేరు మసీదు అయినంత మాత్రాన అల్లాహ్ వద్ద అది మసీదు కాదు.

మహిళలు, ఖాతాలు

అల్లాహ్ దాసీలను మసీదులకు రాకుండా ఆపవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. ఇళ్లలో నమాజు వారికి ఉత్తమమని కూడా తెలియజేశారు. ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకోవాలి. ఇల్లు దగ్గర ఉన్న మహిళకు ఇల్లుంది. ఆసుపత్రికి వచ్చినావిడకు, రైలు దిగినావిడకు, అంగడి పనిమీద వచ్చినావిడకు జుహ్ర్ సమయం మించిపోతుంటే చోటేది? పెద్ద నగరంలోని జామె మసీదులో వారికి పరదాతో కూడిన వజూ స్థలం, కొద్దిపాటి నమాజు స్థలం ఉండటం అవసరం. ప్రవక్త (స) మసీదు శుభ్రతను చూసుకున్నది ఒక మహిళే అన్న సంగతిని మరువకూడదు.

మసీదు ధనం విషయానికి వస్తే, వక్ఫ్‌కు మూలం హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో పొందిన భూమి. దాన్ని ఏమి చేయాలని ఆయన అడిగితే, అసలును నిలిపి ఉంచి ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త (స) సూచించారు. అప్పటి నుంచి ఆ భూమి అమ్మకానికి, కానుకకు, వారసత్వానికి అతీతమైంది. నిర్వహించేవాడు న్యాయమైన మేరకు అందులోంచి తినవచ్చు, కూడబెట్టుకోరాదు. మన దేశంలో 1995 వక్ఫ్ చట్టం కూడా ముతవల్లీ ఏటా లెక్కలు సమర్పించాలని విధించింది. చట్టం అడిగినందుకే కాక, ఖియామత్ రోజున అల్లాహ్ అడుగుతాడు కనుక లెక్క స్పష్టంగా ఉండాలి. చివరి సఫ్‌లోని కూలీ వేసిన పది రూపాయలు ఎక్కడ ఖర్చయ్యాయో అతనికి చదివే వీలుండాలి. లెక్క కనిపించే చోట అనుమానం తగ్గుతుంది, అనుమానం తగ్గిన చోట దానం పెరుగుతుంది.

ఈ శుక్రవారం నుంచే

సోదరులారా! విన్నది ఆచరణలోకి రావాలంటే కొన్ని పనులు నిర్ణయించుకోవాలి. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, నమాజు ముగిశాక మీ కుడిపక్కన, ఎడమపక్కన ఉన్నవారికి సలాం చెప్పి పేరు అడగండి. వచ్చే శుక్రవారం ఆ పేరుతోనే పలకరించండి. వరుసగా రెండు జుమాలు కనిపించకపోతే వాకబు చేయండి.

రెండవది, ప్రతి వీధికి ఇద్దరు యువకులు బాధ్యత తీసుకుని, ఆ వీధిలోని వితంతువులు, ఒంటరి వృద్ధులు, దీర్ఘకాలిక రోగులు, ఇతర రాష్ట్రాల కార్మికుల వివరాలను వారి అనుమతితో ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం మసీదులో భద్రంగా ఉండాలి. అందులోని వివరాలు అమానత్. సాయం కోసమే దాన్ని తెరవాలి, ముచ్చట్ల కోసం తెరవరాదు.

మూడవది, ఆసుపత్రి అవసరాలకు, జనాజా అవసరాలకు ఎవరిని సంప్రదించాలో మసీదు గుమ్మం దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. గుస్ల్, కఫన్ విధానం తెలిసిన పురుషులు, మహిళలు ప్రతి మొహల్లాలో తయారు కావాలి.

నాలుగవది, జుమా రోజున వాహనాలు దూరంగా నిలిపి నడిచి రావాలి. జుమా కోసం వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉందని హదీసులు తెలుపుతున్నాయి. వాహనం దూరంగా పెడితే అడుగులు పెరుగుతాయి, పొరుగువారి దుఆ కూడా దొరుకుతుంది.

ఐదవది, ప్రతి నెలా ఆదాయ వ్యయాలను నోటీసు బోర్డుపై అందరికీ కనిపించేలా ఉంచాలి.

ఖుర్ఆన్‌లోని మాఊన్ సూరా చాలా చిన్నది, మనలో చాలామందికి కంఠస్థం. అనాథను గెంటేవాడితో అది మొదలవుతుంది, తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవారిని హెచ్చరిస్తుంది, పొరుగువారికి చిన్నపాటి వస్తువు ఇవ్వడానికి కూడా వెనుకాడేవారితో ముగుస్తుంది. నమాజు, అనాథ, పొరుగువాడికి కావలసిన చిన్న వస్తువు, ఈ మూడింటినీ అల్లాహ్ ఒకే సూరాలో ఉంచాడు. మనం వాటిని వేరు చేయకుండా ఉంటే మన మసీదు ఆబాదు అవుతుంది.

ఓ అల్లాహ్! మా మసీదులను విశ్వాసంతో, జ్ఞానంతో, కరుణతో ఆబాదు చేయి. సముద్రంపై ఉన్నవారిని, పరాయి ఊళ్లో కష్టపడేవారిని, ఆసుపత్రి మంచాలపై ఉన్నవారిని నీ రక్షణలో ఉంచు. మా మధ్య నిలబడి మేము గుర్తించని వారిని గుర్తించే మనసును మాకు ప్రసాదించు. ఎవరూ లేక ఈ నేలలో ఖననమైన మా సోదరీసోదరులను క్షమించు. మా పట్నాన్ని, ఇక్కడ నివసించే సకల జనులను శాంతితో ఉంచు. ఆమీన్.